నోటిమాట వద్దు! రాసివ్వండి!



తోరణగల్లు ఫ్యాక్టరీకి షిఫ్టుకు పొయ్యే అన్నా! హంపీకి టూరిస్టులను తిప్పే డ్రైవర్ తమ్ముడా! జీన్స్ యూనిట్ నుంచి వ్యాన్‌లో సరుకు వేసుకొని తిరిగే అన్నా! అమ్మను ఆస్పత్రికి, పిల్లలను బడికి తీసుకుపొయ్యే అక్కా! ఈ కాయితం మనందరిది. కాస్త నిలబడి చదవండి.

బండి కొన్న రోజు గుర్తుందా? షోరూంలో బండికి దండేశారు. టెంకాయ కొట్టించారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. అట్టతో చేసిన పెద్ద తాళంచెవి చేతికిచ్చి ఫోటో తీశారు. స్వీటు పెట్టి, "ఇంక మీరు మా ఇంటి మనుషులు సార్" అన్నారు. ఏడాది తిరిగిందో లేదో, అదే ఇంటి మనుషులం గేటు దగ్గర నిలబడ్డాం. "అడ్వైజర్ భోజనానికి పోయినాడు, కూర్చోండి." కూర్చున్నాం. "పార్టు రాలేదు, వచ్చేవారం రాపోండి." పోయినాం. మళ్లీ వచ్చాం. మళ్లీ కూర్చున్నాం.

ఎన్నిసార్లు కూర్చోవాలి? మన రోజు కూలి ఎవరిస్తారు?

నా సంగతే చెప్తా వినండి. అప్పు చేసి కొన్న బండి. కొన్నాళ్లకు గేరు వేస్తే కింద నుంచి గరగరమని శబ్దం. సర్వీస్ సెంటర్‌కి తీసుకుపోయినా. అడ్వైజర్ ఒక రౌండు కొట్టొచ్చి, "డీజిల్ బండి కదన్నా, ఇది నార్మలే" అన్నాడు. నమ్మినా. రెండు నెలల తర్వాత శబ్దం పెరిగింది. మళ్లీ పోయినా. "సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసినాం, చూడండి" అన్నారు. మూడోసారి పోతే, "ఔనన్నా, పార్టు మార్చాల్సిందే. ఆర్డర్ పెట్టినాం. ఫోన్ చేస్తాం" అన్నారు. ఫోన్ రాలేదు. నేనే చేసినా. ఎత్తినోళ్లు లేరు. నాలుగోసారి పోయేసరికి ఎస్టిమేట్ చేతికిచ్చారు, 62 వేలు! ఎందుకు సామీ అంటే, "మీ వారంటీ పోయిన నెలే అయిపోయింది కదన్నా!"

శబ్దం అదే. బండి అదే. చెప్పింది అదే మనిషికి. పాత జాబ్ కార్డులు తీయమన్నా. మొదటిదాంట్లో "జనరల్ చెకప్" అని ఉంది. శబ్దం మాటే లేదు! రెండోసారి అసలు జాబ్ కార్డే తెరవలేదు. మూడోసారి వాషింగ్ బిల్లు ఒకటుంది. పార్టు ఆర్డర్ పెట్టిన కాయితం లేనే లేదు. నాలుగు నెలలు నేను నోటితో మొత్తుకున్నది ఆ షెడ్డులో గాలికి పోయింది. ఆరోజు ఆ కౌంటర్ ముందు నాకు ఏడుపొచ్చింది. 62 వేలకు కాదు. నేను వచ్చిన జాడే లేకుండా చేసినందుకు!

ఇది నా ఒక్కడి కథనా? గుండె మీద చెయ్యేసుకొని చెప్పండి, మీలో ఎంతమందికి ఇట్లా జరగలేదు?

లోపల జరిగేదేంటో తెలుసుకోండి. వారంటీ కింద పని చేస్తే ఆ డబ్బును డీలర్ కంపెనీ దగ్గర క్లెయిమ్ చేసుకోవాలి. కంపెనీ ఒప్పుకోకపోతే ఆ పార్టు ఖర్చు డీలర్ నెత్తిన పడుతుంది. అదే మన జేబులోంచి తీస్తే ఆ బెంగే లేదు. ఇంకోపక్క వారంటీకి గడువుంది. ఇన్ని ఏళ్లు, లేదా ఇన్ని కిలోమీటర్లు, ఏది ముందైతే అది. అంటే మనల్ని తిప్పిన ప్రతి వారమూ వాళ్లకు లాభం, మనకు నష్టం! "రేపు రా" అన్న మాటకు ఖరీదుంది అన్నా. ఆ ఖరీదు కట్టేది మనం.

ఒకమాట మాత్రం మరవొద్దు. కింద గుంతలో ఆయిల్ మడ్డి పూసుకొని పనిచేసే మెకానిక్ పిల్లోడు మన శత్రువు కాదు. వాడూ మన వీధి పిల్లోడే. కౌంటర్‌లో కూర్చున్న అడ్వైజర్‌కీ పైనుంచి టార్గెట్ ఉంటుంది. ఇంజెక్టర్ క్లీనింగ్ ఇన్ని, ఏసీ క్లీనింగ్ ఇన్ని, బాడీ కోటింగ్ ఇన్ని అమ్మాలని. వాళ్ల మీద అరిస్తే మన గొంతు పోతుంది తప్ప పార్టు రాదు. మనం కొట్లాడాల్సింది యజమానితో, కంపెనీతో. అరుపులతో కాదు, కాయితంతో!

ఈలోపల ఇంట్లో ఏమవుతోంది? టాక్సీ తమ్ముడి బండి ఇరవై రోజులుగా షెడ్డులో పడుంది. బ్యాంకు ఆగుతుందా? ఐదో తేదీ రాగానే ఈఎంఐ కోసుకుంటుంది. అకౌంట్‌లో డబ్బు లేకపోతే బౌన్స్ ఛార్జీ అదనం. బండి కదలదు, కంతు ఆగదు! అక్క ముసలితల్లిని ఆటోలో వేసుకొని ఆస్పత్రికి తిరుగుతోంది, సొంత కారు పెట్టుకొని! సరుకు వ్యాన్ నిలబడిపోతే జీన్స్ కుట్టే ఇంట్లో మిషన్ నిలబడిపోతుంది. పెళ్లికి పొయ్యే దారిలో, ఏప్రిల్ ఎండలో, కురుగోడు రోడ్డు మీద ఏసీ చచ్చి, ఇంజన్ పొగలు కక్కి, పసిపిల్లలతో చెట్టు నీడ కోసం వెతికినోళ్లకు తెలుసు ఆ బాధ. "బండ్లన్నాక ఇట్లాంటివి ఉంటాయి సార్" అన్నోడికి ఏం తెలుసు?

ఇక మన ఊరికే ప్రత్యేకమైన మోసం ఒకటుంది. దుమ్ము!

"సార్, మీ ఫిల్టర్ నిండా ఎర్రదుమ్ము. ఇది బయటి కారణం. వారంటీ రాదు." విన్నారా ఈ మాట? విన్నారు! సండూరు గనుల నుంచి ఖనిజం లారీలు పొయ్యే రోడ్ల మీద దుమ్ము లేనిదెప్పుడు? మనం ఆరేసిన బట్టలు ఎర్రన, వాకిలి ఎర్రన, చెట్ల ఆకులు ఎర్రన. బళ్లారిలో షోరూం పెట్టినోడికి బళ్లారిలో దుమ్ముంటుందని తెలియదా? అమ్మేటప్పుడు "ఏ రోడ్డు మీదైనా దూసుకుపోతుంది సార్" అంటిరే! అప్పుడు లేని దుమ్ము క్లెయిమ్ రోజున యాడనుంచి వచ్చింది?

మనవైపు నుంచి చెయ్యాల్సింది చేద్దాం. దుమ్ము ప్రాంతంలో ఎయిర్ ఫిల్టర్‌ను మామూలు కంటే ముందుగా చూడాలి, మార్చాలి అని బండితో ఇచ్చే పుస్తకాల్లోనే రాసుంటుంది. అది చదవండి. ఇంగ్లీషు రాకపోతే చదువుకుంటున్న పిల్లలతో చదివించుకోండి. మార్చిన ప్రతిసారీ బిల్లు దాచండి. అప్పుడు దుమ్ము పేరెత్తితే ఆ బిల్లులు బల్ల మీద పెట్టి అడగండి: ఏ పార్టు, ఏ దుమ్ము వల్ల, ఎట్లా పాడైందో కారణం రాసివ్వండి! గేర్‌బాక్స్ లోపలి పళ్లు అరిగిపోవడానికి ఎయిర్ ఫిల్టర్ దుమ్ముకు సంబంధమేంటో రాసివ్వండి! నోటితో చెప్పినంత సులువుగా చేత్తో రాయలేరు అన్నా. అబద్ధానికి నోరుంటుంది గానీ సంతకం ఉండదు.

ఇంకో బెదిరింపు. "బయట మెకానిక్ చెయ్యి పెట్టినాడు, వారంటీ మొత్తం పోయింది!" ఇది ఎన్ని ఏళ్లుగా వింటున్నాం! 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఇచ్చిన ఉత్తర్వు గురించి మనలో ఎంతమందికి తెలుసు? షంషేర్ కటారియా అనే ఒక్క మనిషి 2011లో ఫిర్యాదు పెట్టాడు. 14 కార్ల కంపెనీల మీద విచారణ నడిచింది. విడిభాగాలు బయట అమ్మకుండా, బయటి మెకానిక్‌లకు పనిముట్లు అందకుండా చేసి జనాన్ని తమ షెడ్లకే కట్టేసుకున్నారని తేల్చి, మొత్తం 2,544 కోట్ల పైచిలుకు జరిమానా వేశారు. బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దని షరతు పెట్టొద్దన్నారు. తర్వాత అప్పీళ్లు నడిచాయి, సుప్రీంకోర్టు దాకా పోయింది, నిజమే. అయినా ఒక్క మనిషి కాయితం 14 కంపెనీలను కమిషన్ ముందు నిలబెట్టింది!

ఐతే జాగ్రత్త. బయట స్టీరియో పెట్టించి వైరింగ్ కాలిపోతే, ఆ వైరింగ్‌కు వారంటీ అడగలేం. బయటి పని వల్లే ఆ నష్టం జరిగిందంటే అది వేరే మాట. పంచర్ బయట వేయించుకున్నావు కాబట్టి స్టీరింగ్‌కు వారంటీ లేదంటే ఊరుకోవాల్నా? ఏ పనికి ఏ నష్టమో రాసివ్వమను!

ఇప్పుడు రాష్ట్రం గడి దాటిన వాళ్ల బాధ. 1953 అక్టోబరు 1న గీత గీశారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు ఆంధ్రాలోకి పోయాయి, బళ్లారి ఇటు మిగిలింది. చుట్టరికాలు తెగినాయా? లేదు! ఆలూరు అన్న బళ్లారిలో కారు కొంటాడు. బళ్లారి తమ్ముడు గుంతకల్లులో ఆఫరుందని అటుపొయ్యి కొంటాడు. చెడిపోయినప్పుడు చూడాలి తమాషా! ఇక్కడోళ్లు "మీరు ఆంధ్రాలో కొన్నారు, ఆడికే పోండి" అంటారు. అక్కడోళ్లు "మీది కర్ణాటక బండి" అంటారు. బిల్లు అడుగున చిన్న అక్షరాల్లో "వివాదాలన్నీ ఫలానా సిటీ కోర్టులోనే" అని ఉంటుంది. అది చూపించి, "బెంగళూరు పోతారా? చెన్నై పోతారా?" అని భయపెడతారు.

భయపడొద్దు! కంపెనీ వారంటీ అంటే కంపెనీది. ఆ కంపెనీ బోర్డు తగిలించుకున్నోడు దాన్ని కాదనాలంటే కారణం రాసివ్వాలి. ఇక కోర్టు సంగతి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 వచ్చింది. 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది. అందులో 34వ సెక్షన్ ఏమంటుంది? నువ్వు నివసించే జిల్లాలోనే, నువ్వు పనిచేసుకొని బతికే జిల్లాలోనే ఫిర్యాదు పెట్టొచ్చు! కారు గుంతకల్లులో కొన్నా, కంపెనీ ఢిల్లీలో ఉన్నా, బళ్లారి మనిషి బళ్లారి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. ఆదోని అన్న తన జిల్లాలోనే వేసుకోవచ్చు. మనం వాళ్ల ఊరికి పొయ్యేది కాదు, వాళ్లే మన ఊరికి రావాలి! చట్టం ఇచ్చిన హక్కును బిల్లు మీది చీమ అక్షరాలు కొట్టెయ్యలేవు.

ఖర్చెంత? వినండి. బండికి కట్టిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. 10 లక్షల దాకా 200 రూపాయలు. 20 లక్షల దాకా 400. 50 లక్షల దాకా వెయ్యి. ఒక ఆయిల్ మార్పు ఖర్చు కూడా కాదు! వకీలును పెట్టుకోవాలన్న నిబంధన లేదు. మన కేసు మనమే చెప్పుకోవచ్చు. ఆన్‌లైన్‌లోనూ పెట్టొచ్చు. గడువు మాత్రం రెండేళ్లు. నష్టం జరిగిన నాటి నుంచి లెక్క. "చూద్దాంలే" అని కూర్చుంటే అదీ పోతుంది. కమిషన్ నోటీసు అందిన కంపెనీ 30 రోజుల్లో జవాబివ్వాలి, మహా అయితే ఇంకో 15 రోజులు. 45 రోజులు దాటితే జవాబు తీసుకోవడానికి వీల్లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనమే తేల్చింది. కమిషన్ ఉత్తర్వును లెక్కచెయ్యకపోతే జైలు శిక్ష కూడా ఉంది.

ఆటో అన్నా, టాక్సీ తమ్ముడా, "నీది వ్యాపారం బండి, నువ్వు వినియోగదారుడివి కాదు" అంటారు నిన్ను. నమ్మొద్దు! తన బతుకుతెరువు కోసం తానే ఆటో కొని నడుపుకునేవాడు, తానే లారీ కొని తోలుకునేవాడు వినియోగదారుడే అని 1995లోనే సుప్రీంకోర్టు లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో చెప్పింది. కొత్త చట్టంలోనూ ఆ మాట ఉంది. నీ స్టీరింగే నీకు సాక్ష్యం!

గెలిచినోళ్లు ఉన్నారా అంటారా? ఉన్నారు. ఢిల్లీలో ఒకాయన 2015లో హ్యుందాయ్ క్రెటా కొన్నాడు. 2017 నవంబరులో పానిపట్ రోడ్డులో ప్రమాదం జరిగింది. ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. దెబ్బ సరిపోలేదు, ఆ వేగం లేదు, ఈ కోణం లేదు అని కంపెనీ వాదించింది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒక్క ముక్కలో తేల్చింది: గుద్దుకున్న వేగాన్నీ బలాన్నీ లెక్కగట్టడానికి కారు కొన్నవాడు ఫిజిక్స్ పండితుడై ఉండాల్సిన పనిలేదు! బండి మార్చివ్వాలన్న తీర్పు నిలబడింది. పరిహారమూ నిలబడింది.

హైదరాబాద్ కేసు ఇంకొకటుంది, అది మనకు హెచ్చరిక. 2009 సెప్టెంబరు 25న ఒక కంపెనీ బీఎండబ్ల్యూ కారు కొంది. నాలుగు రోజులకే లోపం బయటపడింది. అది పోలీసు కేసయింది. 2012లో హైకోర్టు ఆ కేసు కొట్టేసి, కొత్త బండి ఇమ్మంది. గొడవ ఆగలేదు. చివరికి 2024 జులై 10న సుప్రీంకోర్టు 50 లక్షలు కట్టమని ముగించింది. 15 ఏళ్లు! అంత ఖరీదైన బండి కొన్న కంపెనీకే అంతకాలం పట్టిందే, మనబోటి వాళ్లకు పోలీస్ స్టేషన్ దారి ఎందుకు? జిల్లా కమిషన్ దారే పడదాం.

ఓడిపోయే దారి కూడా చెప్తా, దాచను. ప్రతి చిన్న శబ్దానికీ "కొత్త కారు ఇవ్వండి" అని అడగొద్దు. వారంటీ అంటే చెడిన పార్టు బాగుచేసివ్వడం, మార్చివ్వడం. తయారీలోనే లోపముందని రుజువైతే తప్ప బండి మొత్తం మార్చమనలేమని 2006లో మారుతి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రుజువుకు నిపుణుడు కావాలి. బండిని పరీక్షకు పంపమని కమిషన్‌ను అడిగే హక్కు మనకుంది, మొదట్లోనే అడగండి. ఇంకోటి, గోవాలో 2011 మోడల్ అని చెప్పి డీలర్ 2009 కారు అంటగట్టాడు. కేసు సుప్రీంకోర్టుకు పోతే, డీలర్ మోసం కంపెనీకి తెలిసే జరిగిందన్న రుజువు లేదని 2021లో కంపెనీని వదిలేశారు. నేర్చుకోవాల్సిందేంటి? డీలర్‌నూ కంపెనీనీ ఇద్దర్నీ పార్టీ చెయ్యాలి. ఎవరి తప్పేదో విడివిడిగా రాయాలి. కంపెనీకి మొదటి నుంచే మెయిల్ పెడుతూ ఉండాలి, తెలియదనే మాట అనడానికి వీల్లేకుండా!

చూశారా, ఎటు తిరిగినా కాయితం దగ్గరికే వస్తున్నాం.

అందుకే రేపు బండి సర్వీస్‌కు ఇచ్చేటప్పుడు ఏం చెయ్యాలి? తాళాలు ఇవ్వడానికి ముందే జాబ్ కార్డు మీద మన బాధ మన మాటల్లో రాయించాలి. "జనరల్ చెకప్" కాదు. "గేరు మారిస్తే శబ్దం, రెండోసారి వచ్చాను" అని! కిలోమీటర్లు, తేదీ ఉన్నాయో లేవో చూసుకోవాలి. ఖాళీ కాయితం మీద సంతకం పెట్టొద్దు. ఒక కాపీ చేతికొచ్చేదాకా, కనీసం ఫోన్‌లో ఫోటో తీసుకునేదాకా తాళం ఇవ్వొద్దు! శబ్దం వీడియో తీయండి, మీటర్ కనిపించేలా. "వారంటీ రాదు" అన్నారా? కారణం రాసివ్వమనండి. రాయనన్నారా? అక్కడే నిలబడి అదే మాట వాట్సాప్‌లో వాళ్లకే పంపండి: "ఈరోజు ఫలానా టైముకు మీరు వారంటీ లేదన్నారు, కారణం రాసివ్వలేదు" అని. అదే రేపటికి సాక్ష్యం. పార్టు మార్చామన్నారా? పాత పార్టు చూపించమనండి. అడగని క్లీనింగులు బిల్లులో ఉంటే కొట్టేయించండి. బండి తీసుకునేటప్పుడు "పని తృప్తిగా ఉంది" అని ఒక సంతకం అడుగుతారు. నడిపి చూడకుండా పెట్టొద్దు! తర్వాత ఫోన్ చేసి "పదికి పది ఇవ్వండన్నా, నా ఉద్యోగం అన్నా" అంటారు. బాగుచేసినోడికి ఇవ్వండి. బాగవ్వకపోతే బాగవ్వలేదనే చెప్పండి. కంపెనీ లెక్కలోకి ఎక్కే మన మాట అదొక్కటే, దాన్ని మొహమాటానికి అమ్ముకోవద్దు.

అప్పటికీ కదలకపోతే 1915కు ఫోన్ చెయ్యండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. తెలుగులో మాట్లాడొచ్చు, కన్నడలోనూ మాట్లాడొచ్చు. ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఆ తర్వాత డీలర్‌కు, కంపెనీకి స్పీడ్ పోస్టులో నోటీసు. 15 రోజులు గడువు. రసీదు దాచండి. 16వ రోజు జిల్లా కమిషన్ మెట్లెక్కండి!

"ఒక్కడివి, ఏం చేస్తావు?" అంటున్నారు వాళ్లు. నేను ఒక్కడినే పోయినందుకే నా నాలుగు నెలలు గాలికి పోయాయి. ఇంక ఒక్కరూ ఒంటరిగా పోవొద్దు! ఈ వారం మీ వీధిలో ఎవరి బండి సర్వీస్‌కు పోతోందో కనుక్కోండి. వెంట పోండి. చదువుకున్న పిల్లోడు ఒకడు జాబ్ కార్డు చదివి పెట్టాలి, ఇంకొకరు ఫోటో తియ్యాలి. టాక్సీ స్టాండ్‌లో, ఆటో స్టాండ్‌లో ఈ కాయితం పదిమందికి చదివి వినిపించండి. తర్వాత మడిచి బండి డ్యాష్‌బోర్డు పెట్టెలో పెట్టుకోండి, ఆర్సీ పక్కన. రేపు కౌంటర్ ముందు నిలబడి అందరం ఒకే మాట అందాం:

నోటిమాట వద్దు! రాసివ్వండి!

ఇట్లు,
మీలాగే గేటు దగ్గర కూర్చున్న ఒక బండి యజమాని,
బళ్లారి